మణికట్టు నొప్పికి ఎర్గోనామిక్ వైర్‌లెస్ మౌస్: ఎంచుకోవడం నుంచి చేతికి అలవాటయ్యే దాకా

రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు గడిచే పని నాది. కొన్నేళ్ల కిందట సాయంత్రమయ్యేసరికి కుడి మణికట్టు లాగడం మొదలైంది. సీసా మూత తిప్పాలన్నా, తలుపు గొళ్లెం తీయాలన్నా ముంజేయి దాకా జివ్వుమనేది. ఒకరోజు చేయి తిప్పి చూసుకుంటే అరచేతి కింద, చిటికెన వేలి వైపు, బల్లకు ఆనే చోట చర్మం రూపాయి బిళ్లంత మేర గట్టిపడి నల్లబడి ఉంది. మణికట్టును అక్కడ ఊతంగా పాతేసి, చేతిని మాత్రం అటూ ఇటూ తిప్పుతూ ఏళ్ల తరబడి మౌస్ వాడానని ఆ మచ్చ చూశాకే అర్థమైంది.

వెంటనే వర్టికల్ మౌస్ కొన్నాను, అంటే చేతికి శ్రమ తగ్గేలా (ఎర్గోనామిక్‌గా) నిలువుగా చేసిన మౌస్. మొదటి వారం నొప్పి తగ్గలేదు సరికదా, బొటనవేలు కూడా సలపడం మొదలుపెట్టింది. మౌస్ మారింది కానీ నేను పట్టుకునే తీరు, కదిపే తీరు, కూర్చునే తీరు మారలేదు. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకుంటే నెల తిరిగేసరికి తేడా తెలిసింది. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంతే చెప్పి, కొన్నాక చేయాల్సిన వాటి గురించి ఎక్కువ చెబుతాను.

ముందుగా: చేతిలో అసలు ఏం జరుగుతోంది

కుడి చేతిని ఒళ్లో వదులుగా పెట్టుకోండి. బొటనవేలు దాదాపు పైకి ఉంటుంది. ఇప్పుడు ఎడమ చేత్తో కుడి ముంజేయిని పట్టుకుని, కుడి అరచేతిని మెల్లగా బల్ల మీద బోర్లించండి. లోపల కండ మెలితిరగడం ఎడమ చేతి వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండో దాని మీదుగా అడ్డంగా వస్తుంది. మామూలు మౌస్ పట్టుకున్నంతసేపూ చేయి ఈ మెలికలోనే ఉంటుంది.

దీనికి ఇంకో రెండు వంపులు తోడవుతాయి. మౌస్ వీపు ఎత్తుగా ఉండటంతో మణికట్టు వెనక్కి, అంటే పైకి వంగుతుంది. కీబోర్డు పక్కన ఎక్కడో దూరంగా ఉన్న మౌస్ కోసం చేయి బయటికి చాచి, మణికట్టును పక్కకు విరుస్తాం. ఈ మూడూ కలిసి రోజంతా సాగితే ముంజేతి పైభాగంలోని కండరాలు అలిసిపోతాయి.

మనం మామూలుగా ‘నరం పట్టేసింది’ అని అన్నిటికీ ఒకే మాట వాడతాం కానీ, మణికట్టులో నరాలు వేరు, స్నాయువులు వేరు. స్నాయువు అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. మణికట్టు లోపలి వైపు చిన్న ఎముకలకూ, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ నరం ఆ దారిలోంచే వెళతాయి. ఆ దారినే కార్పల్ టన్నెల్ అంటారు. మీడియన్ నరం నలిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి వెళ్లే నరం వేరు, అది మోచేతి వెనక నుంచి వస్తుంది. కాబట్టి తిమ్మిరి ఉన్నది చిటికెన వేలికైతే, మౌస్ కంటే ముందు మీ మోచేయి కుర్చీ చేతి మీద, బల్ల అంచు మీద ఎలా ఆనుతోందో చూడండి.

కొనేముందు ఇంకో విషయం కూడా తెలిసి ఉండాలి. కార్పల్ టన్నెల్ సమస్య ఉన్నవాళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, వర్టికల్ మౌస్‌తో మణికట్టు భంగిమ మారింది కానీ ఆ ఇరుకు దారిలో ఒత్తిడి మాత్రం తగ్గలేదని తేలింది. వర్టికల్ మౌస్ ముంజేతి మెలికను తగ్గిస్తుంది, దాంతో చాలామందికి చేయి తేలికపడుతుంది. ఇప్పటికే నరం నలిగి ఉంటే మాత్రం దాన్ని చికిత్సగా భావించి కొనకండి.

మొదటి అడుగు: చేతిని కొలవడం, రకాన్ని ఎంచుకోవడం

స్కేలు తీసుకుని మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా కొలవండి. సుమారుగా 17 సెంటీమీటర్ల లోపు ఉంటే చిన్న చేయి, 19 దాటితే పెద్ద చేయి. ఎర్గోనామిక్ మౌస్ విషయంలో ఈ కొలత చాలా ముఖ్యం. మామూలు మౌస్ కాస్త పెద్దదైనా వేళ్లు సర్దుకుంటాయి. వర్టికల్ మౌస్ పెద్దదైతే బటన్లు అందక వేళ్లు చాచాలి, చిన్నదైతే చిటికెన వేలు కిందికి జారి బల్ల మీద ఈడ్చుకుంటుంది.

వర్టికల్ మౌస్‌ను కరచాలనం చేసినట్టు పట్టుకుంటాం. లాజిటెక్ వాళ్ల లిఫ్ట్, ఎంఎక్స్ వర్టికల్ రెండూ 57 డిగ్రీల వాలుతో ఉంటాయి. లిఫ్ట్ చిన్న, మధ్యరకం చేతుల కోసం చేసింది, దాంట్లో ఎడమచేతి వాటం వాళ్లకు వేరే మోడల్ కూడా ఉంది. ఎంఎక్స్ వర్టికల్ పెద్ద చేతికి నప్పుతుంది. ఎవొల్యూయెంట్ కంపెనీ చాలాకాలంగా వర్టికల్ మౌస్‌లు చేస్తోంది. వాలు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోవద్దు. పూర్తిగా నిటారుగా ఉన్నవాటిలో మెలిక ఇంకా తగ్గుతుంది కానీ, సన్నటి పనుల్లో పట్టు దొరకడం కష్టం. నా మటుకు 57 డిగ్రీలు చాలు.

ఇంకో రకం ట్రాక్‌బాల్. ఇందులో మౌస్ కదలదు, బంతిని వేళ్లతో దొర్లిస్తాం. చేయి కదపడమే బాధగా ఉన్నవాళ్లకూ, బల్ల మీద చోటు లేనివాళ్లకూ ఇది వరం. లాజిటెక్ ఎంఎక్స్ ఎర్గో లాంటి వాటిలో బంతిని బొటనవేలితో తిప్పాలి. ఫోన్ వాడకంతో ఇప్పటికే బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లకండి. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్ లాగా బంతి మధ్యలో ఉండి రెండు మూడు వేళ్లతో తిప్పేవి వాళ్లకు మేలు.

మౌస్‌కు వైరు లేకపోవడం మణికట్టుకు ఎలా మేలు చేస్తుందంటే, వైరు బల్ల అంచుకు తట్టుకుని ప్రతి కదలికనూ కొంచెం వెనక్కి లాగుతుంటుంది. ఆ లాగుడుకు తెలియకుండానే పట్టు బిగిస్తాం. వైరు లేకపోతే మౌస్‌ను కావలసినంత దగ్గరికి జరుపుకోవచ్చు.

రెండో అడుగు: మౌస్ పెట్టెలోంచి తీయకముందే కుర్చీ, బల్ల, కీబోర్డు

వెనక్కి ఆని కూర్చుని, భుజాలు వదిలేయండి. మోచేతులు పక్కటెముకల దగ్గర వేలాడాలి, దాదాపు లంబకోణంలో లేదా ఇంకాస్త తెరుచుకుని ఉండాలి. ఆ భంగిమలో ముంజేయి ఎంత ఎత్తులో ఉందో బల్ల అంతే ఎత్తులో లేదా ఒక వేలు కిందికి ఉండాలి. బల్ల ఎత్తుగా ఉంటే కుర్చీని పైకి లేపి, కాళ్ల కింద ఏదైనా గట్టి పీట వేసుకోండి. బల్ల ఎత్తుగా ఉంటే భుజం లేస్తుంది, భుజం లేస్తే మణికట్టు వంగుతుంది. అలాంటి బల్ల మీద ఎంత మంచి మౌస్ పెట్టినా ఉపయోగం ఉండదు.

ఇక కీబోర్డు. చాలామంది మొత్తం కీబోర్డును ఒంటికి మధ్యగా పెట్టుకుంటారు. కుడి చివర అంకెల మీటలు ఉన్న కీబోర్డు అయితే టైపు చేసే భాగం ఎడమకు పోతుంది, మౌస్ మాత్రం కుడిపక్కన జానెడు అవతల పడుతుంది. ‘బి’ అక్షరం మీట మీ బొడ్డుకు ఎదురుగా వచ్చేలా కీబోర్డు జరపండి. ఇలా జరిపితే అంకెల మీటలు మౌస్‌ను ఇంకాస్త దూరం నెడతాయి కాబట్టి, వాటి అవసరం లేనివాళ్లు అవి లేని చిన్న కీబోర్డు వాడితే మౌస్ దగ్గరికి వస్తుంది. నా భుజం నొప్పి తగ్గింది మౌస్ మార్చినందుకు కాదు, ఈ ఒక్క మార్పుతోనే. మౌస్ కొనే ఆలోచన లేనివాళ్లు కూడా దీన్ని ఈరోజే చేసి చూడండి.

మూడో అడుగు: కనెక్ట్ చేయడం

రెండు దారులున్నాయి: చిన్న యూఎస్‌బీ రిసీవర్ లేదా బ్లూటూత్. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతోనే పనిచేస్తాయి. బ్లూటూత్‌తో ఒక పోర్టు మిగులుతుంది, రిసీవర్‌తో సాధారణంగా ఏ ఇబ్బందీ లేకుండా వెంటనే కలుస్తుంది. పాయింటర్ మధ్యమధ్యలో ఆగి ఎగురుతుంటే మౌస్ పాడైందని అనుకునే ముందు రిసీవర్ పక్కన ఏముందో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు ఇదే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. రిసీవర్‌ను పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌస్ దగ్గరికి తెస్తే చాలావరకు సర్దుకుంటుంది. కింద నున్నటి గాజు బల్ల ఉన్నా పాయింటర్ ఇలాగే తడబడుతుంది, అప్పుడు గుడ్డ ప్యాడ్ వేయాలి.

పాయింటర్ తడబాటును చిన్న విషయంగా వదిలేయకండి. అది మాట వినకపోతే మనం మౌస్‌ను ఇంకా గట్టిగా బిగిస్తాం, ఆ భారమంతా మణికట్టు మీదే పడుతుంది. బ్యాటరీ అడుగంటినప్పుడూ అంతే.

నాలుగో అడుగు: పాయింటర్ వేగం

విండోస్‌లో అయితే సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’ కింద ‘మౌస్’ తెరిస్తే ‘మౌస్ పాయింటర్ స్పీడ్’ కనిపిస్తుంది. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ‘మౌస్’లో ‘ట్రాకింగ్ స్పీడ్’ ఉంటుంది. మౌస్ మీద డీపీఐ బటన్ (పాయింటర్ వేగం మార్చే బటన్) ఉంటే దాంతోనూ మార్చవచ్చు.

వేగం మరీ ఎక్కువైతే చేయి కదపక్కర్లేదు, హాయిగా ఉంటుందనిపిస్తుంది. కానీ చిన్న బటన్ మీద పాయింటర్ నిలపడానికి వేళ్లన్నీ బిగబట్టాల్సి వస్తుంది. మరీ తక్కువైతే స్క్రీన్ దాటడానికి మౌస్‌ను ఎత్తి ఎత్తి పెట్టాలి. వర్టికల్ మౌస్‌ను అలా ఎత్తడమంటే దాన్ని బొటనవేలితో నొక్కి పట్టడమే. నేను పెట్టుకున్న పరీక్ష ఇది: పాయింటర్‌ను స్క్రీన్ ఎడమ అంచున ఉంచి, మోచేతి నుంచి ఒక్కసారి చేయి జరిపితే కుడి అంచుకు చేరాలి. వెంటనే కుడి పైమూలన ఉన్న విండో మూసే గుర్తు మీద (మ్యాక్‌లో అయితే ఆ మూలనున్న ఏదైనా చిన్న గుర్తు మీద) ఆపి చూడాలి. దాటిపోతుంటే వేగం ఒక మెట్టు తగ్గించండి, మౌస్ ఎత్తాల్సి వస్తే ఒక మెట్టు పెంచండి. రెండు మూడు సార్లు చేస్తే మీ అంకె దొరుకుతుంది.

విండోస్‌లోనే ‘అడిషనల్ మౌస్ సెట్టింగ్స్’ తెరిస్తే ‘బటన్స్’ ట్యాబ్‌లో ‘క్లిక్‌లాక్’ అని ఒకటుంది. అది ఆన్ చేస్తే బటన్‌ను క్షణంపాటు నొక్కి వదిలాక వేలు తీసేసినా డ్రాగ్ చేయవచ్చు, ఇంకోసారి క్లిక్ చేస్తే వదులుతుంది. పొడవాటి పట్టికల్లో గడులు ఎంపిక చేసే పనిలో ఉన్నవాళ్ల వేళ్లకు ఇది ఎంతో విశ్రాంతి.

ఐదో అడుగు: పట్టుకోవడం, నొక్కడం, కదపడం

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడకుండా పావుగంట కేటాయించండి.

చేతిని పక్కకు వేలాడేసి ఒకసారి వదులు చేయండి. అదే వదులుతో తెచ్చి మౌస్ మీద ఆనించండి. పట్టుకోవద్దు, ఆనించండి. అరచేయి మౌస్ వీపుకు తగలాలి, చిటికెన వేలి పక్క భాగం మౌస్ అడుగున ఉన్న అంచు మీదో, ప్యాడ్ మీదో తేలిగ్గా ఉండాలి. పసిపాప చేయి పట్టుకుని నడిపించేటప్పుడు ఎంత సుతారంగా పట్టుకుంటామో అంతే పట్టు చాలు. ఇప్పుడు మీ గోళ్ల వైపు చూడండి. గోళ్ల కొసలు తెల్లబడ్డాయంటే బిగిస్తున్నట్టే. పనిలో మునిగిపోయినప్పుడు, ముఖ్యంగా టెన్షన్‌లో ఉన్నప్పుడు, ఈ బిగింపు తెలియకుండానే వచ్చేస్తుంది. మొదటి నెల నేను మానిటర్ అంచుకు ‘గోళ్లు’ అని రాసిన చీటీ అంటించుకున్నాను.

తర్వాత క్లిక్. మామూలు మౌస్‌లో వేలు కిందికి నొక్కుతుంది, బల్ల ఆ ఒత్తిడిని కాస్తుంది. వర్టికల్ మౌస్‌లో వేలు పక్కకు నొక్కుతుంది, కాచేది బొటనవేలు ఒక్కటే. కుడిచేతి మౌస్ అయితే ప్రతి క్లిక్‌కూ అది ఎడమకు కాస్త జరగబోతుంది, జరగకుండా బొటనవేలు ఎదురు నొక్కుతుంది. మొదటి వారం నా బొటనవేలు సలపడానికి కారణం ఇదే. దీనికి విరుగుడు మూడు రకాలుగా చేశాను. నున్నటి ప్యాడ్ తీసేసి, కొంచెం గరుకుగా ఉండే గుడ్డ ప్యాడ్ వేశాను, మౌస్ దానంతట అదే నిలుస్తుంది. చేతి బరువును కాస్త మౌస్ మీద వాలనిచ్చాను. వేలిని ఎత్తి కొట్టకుండా, బటన్ మీదే ఉంచి కొస కణుపుతో మాత్రమే నొక్కడం నేర్చుకున్నాను. క్లిక్ చప్పుడు వినిపించేంత గట్టిగా నొక్కుతున్నారేమో గమనించండి, ఈమధ్య వచ్చే మౌస్‌లకు అంత బలం అక్కర్లేదు.

ఆపైన కదపడం. మౌస్‌ను మోచేతి నుంచి, పెద్ద కదలికలకు భుజం నుంచి జరపాలి. మణికట్టు ముంజేతితో కలిసి ఒకే ముక్కలా ప్రయాణం చేయాలి. దీన్ని సరిచూసుకోవడానికి ముంజేతి మీద పొడుగ్గా ఒక స్కేలు పెట్టి, కొస మధ్యవేలి మొదటి కణుపు మీదికి వచ్చేలా ఉంచండి. మౌస్‌ను ఎడమకు, కుడికి జరపండి. కణుపు స్కేలు కిందనుంచి తప్పుకుంటే మణికట్టు విరుగుతోందన్నమాట. ఏదైనా బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, స్క్రీన్ నిండా పెద్ద పెద్ద సున్నాలు చుట్టండి. మొదట్లో వంకర టింకరగా వస్తాయి. రోజూ రెండు నిమిషాలు చేస్తే వారంలో మోచేతికి ఆ పని అలవాటవుతుంది.

చేతి బరువు ఎక్కడ ఆనాలి? మోచేతికి కొద్దిగా ముందు, ముంజేతిలో కండ ఉన్న భాగం బల్ల మీద ఆనితే మంచిది. మణికట్టు గీత దగ్గర ఆనకూడదు, కార్పల్ టన్నెల్ సరిగ్గా అక్కడే ఉంది. మెత్తటి రిస్ట్ రెస్ట్ (మణికట్టు కింద పెట్టుకునే చిన్న దిండు) ఉన్నా దాని మీద మణికట్టును పాతి మౌస్ తిప్పవద్దు, చేయి ఆగినప్పుడు వాల్చడానికే అది. బల్ల అంచు పదునుగా ఉంటే మడిచిన తువ్వాలు పరిస్తే చాలు.

స్క్రోల్ చక్రాన్ని చూపుడు వేలితోనే తిప్పుతుంటే మధ్యవేలికి మార్చి చూడండి. పొడవాటి పేజీలకు స్పేస్ బార్, పేజ్ డౌన్ మీటలు ఉండనే ఉన్నాయి.

ఆరో అడుగు: రెండు వారాల అలవాటు

మొదటి రోజే పాత మౌస్ తీసి పక్కన పడేయకండి. మొదటి మూడు రోజులు గంట కొత్తది, తర్వాత పాతది. మెయిల్స్ చూడటం, చదవడం లాంటి తేలిక పనులతో మొదలుపెట్టండి. ఫొటో ఎడిటింగ్, డిజైన్ లాంటి సన్నటి పనులు చివరికి మార్చుకోండి, ఎందుకంటే మొదట్లో గురి తప్పుతుంది, విసుగొస్తుంది, విసుగుతో పట్టు బిగుస్తుంది. రెండో వారానికి రోజంతా కొత్తదానితో గడపగలుగుతారు.

ఈ రోజుల్లో మోచేతి దగ్గరి కండరాల్లో కాస్త అలసట మామూలే, అవి కొత్తగా పని నేర్చుకుంటున్నాయి. వేలి మొదట్లో సూదితో పొడిచినట్టుండే నొప్పి, తిమ్మిరి మాత్రం మామూలు కాదు. మూడు వారాలైనా అసౌకర్యం పెరుగుతూనే ఉంటే సైజు సరిపోకపోయి ఉండవచ్చు. అప్పుడు ఓర్చుకోకుండా మార్చేయండి.

పని మధ్యలో

ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి కదలకపోతే నొప్పే. అరగంటకోసారి అర నిమిషం మౌస్ వదిలేసి, చేతులు కిందికి వేలాడేసి విదల్చండి. తర్వాత చేయి ముందుకు చాచి, అరచేయి కిందికి ఉంచి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా కిందికి, మీ వైపు వంచి పదిహేను సెకన్లు ఆపండి. ముంజేతి పైన హాయిగా సాగినట్టు ఉండాలి, నొప్పి పుట్టేదాకా లాగొద్దు.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం మౌస్‌ను తక్కువ వాడటం. విండోస్‌లో అయితే కాపీకి కంట్రోల్ సి, పేస్టుకు కంట్రోల్ వి, విండోలు మారడానికి ఆల్ట్ ట్యాబ్, పేజీలో వెతకడానికి కంట్రోల్ ఎఫ్. రోజులో మీరు ఎక్కువసార్లు మౌస్‌తో చేసే పని ఏదో గమనించి, వారానికి ఒక షార్ట్‌కట్ చొప్పున దాని స్థానంలో పెట్టుకోండి. ఎడమచేత్తో వాడగలిగే మామూలు మౌస్ ఒకటి అటువైపు పెట్టుకుని చదివేటప్పుడు దానితో స్క్రోల్ చేయడం కూడా కుడిచేతికి బాగా పనికొచ్చే విశ్రాంతి.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి

రాత్రి నిద్రలో వేళ్లు తిమ్మిరెక్కి, లేచి చేయి విదల్చాల్సి వస్తుంటే ఆగకండి. చేతిలోని వస్తువులు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి కింద అరచేతిలోని కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడినట్టు కనిపించినా వెంటనే ఎముకల డాక్టర్‌నో, నరాల డాక్టర్‌నో కలవండి. నరం చాలాకాలం నలిగితే ఆ కండ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మధుమేహం, థైరాయిడ్ సమస్య, గర్భం వల్ల కూడా ఈ తిమ్మిరి రావచ్చు, కాబట్టి అవి ఉంటే తప్పకుండా చెప్పాలి. వెళ్లేముందు ఒక వారం పాటు ఏ వేళ్లకు, ఏ వేళలో, ఏ పని చేస్తుండగా తిమ్మిరి వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. చేయి బొమ్మ గీసి తిమ్మిరెక్కే చోట్ల గీతలు పెట్టి చూపిస్తే, నలిగేది మణికట్టు దగ్గరా, మోచేతి దగ్గరా, లేక మెడ దగ్గరా అన్నది పోల్చుకోవడం డాక్టర్‌కు సులువవుతుంది.